కరెంటు వాద్యం మీద బాఖ్ సంగీతం



పచ్చడి రోట్లో నూరితేనే రుచి, మిక్సీలో వేస్తే ఆ రుచి రాదని మన పెద్దవాళ్లు అంటూ ఉంటారు. అందులో నిజమెంతో, అలవాటెంతో తేల్చడం కష్టం. సరిగ్గా ఇలాంటి తగువే 1968లో అమెరికాలో సంగీతం విషయంలో వచ్చింది. రెండు వందల ఏళ్లకు పైబడిన ఒక జర్మన్ విద్వాంసుడి సంగీతాన్ని, తీగ మీటకుండా, పిల్లనగ్రోవి ఊదకుండా, ఒట్టి కరెంటుతో పలికించి రికార్డు తీసుకొచ్చారు ఇద్దరు స్త్రీలు. ఇది సంగీతమా, యంత్రం చప్పుడా అని పండితులు రెండు పక్షాలయ్యారు. ఆ కథ ఇవాళ మీతో చెప్పుకుందామని.

ఆ విద్వాంసుడి పేరు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. 1685లో జర్మనీలోని ఐసెనాఖ్ అనే ఊళ్లో పుట్టారు, 1750లో లైప్‌జిగ్‌లో కన్నుమూశారు. మన త్యాగరాజస్వామి పుట్టినది 1767లో అనుకుంటే, బాఖ్ పోయిన పదిహేడేళ్లకన్న మాట. 1600 మొదలు 1750 దాకా యూరప్‌లో నడిచిన సంగీతాన్ని బరోక్ సంగీతం అంటారు. మన సంగీతంలో రాగం ఒక్క దారిన సాగుతుంది కదా. బాఖ్ సంగీతంలో అలా కాదు. రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు పాటలు ఒకేసారి నడుస్తాయి. నలుగురు తోడికోడళ్లు ఒకే వంటింట్లో ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, ఒకరికొకరు అడ్డం రాకుండా, భోజనాల వేళకు అందరి పనీ ఒక్కటిగా కలిసి వచ్చిందనుకోండి, అలాగ. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

బాఖ్ గురించి చెప్పి ఆయన ఇల్లాలి గురించి చెప్పకపోతే అన్యాయం. మొదటి భార్య 1720లో పోతే, మరుసటి ఏడాది ఆనా మాగ్దలేనా అనే ఆవిడను పెళ్లి చేసుకున్నారు. ఆవిడ ఇరవై ఏళ్ల పిల్ల, రాజాస్థానంలో జీతం తీసుకుంటూ పాడే గాయని. పదముగ్గురు పిల్లల్ని కన్నది, వాళ్లలో ఏడుగురు చిన్నతనంలోనే పోయారు. ఆ కాన్పులూ, ఆ కడుపుకోతా పడుతూనే భర్త రాసిన సంగీతానికి నకళ్లు తీసిపెట్టేది. చెల్లో అనే పెద్ద వాద్యం మీద ఒంటరిగా వాయించడానికి బాఖ్ రాసిన ఆరు రచనలు ఈనాడు ప్రపంచమంతా వాయిస్తున్నారు. ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు. మనకు ముఖ్యంగా ఆధారం ఆ ఇల్లాలి చేతిరాతే. భర్త పోయిన తర్వాత ఆవిడ ధర్మం మీద బతికి, 1760లో దిక్కులేనిదానిలా పోయింది. సమాధి మీద గుర్తు కూడా లేదు.

ఇప్పుడు అసలు తగువులోకి వద్దాం. ఫలానా వాద్యానికి రాసిన సంగీతాన్ని ఇంకో వాద్యం మీద వాయించవచ్చునా? దీనికి బాఖే స్వయంగా జవాబు చెప్పి వెళ్లారు. ఇటలీ విద్వాంసుడు వివాల్డీ నాలుగు వయొలిన్లకు రాసిన కృతిని తీసుకుని నాలుగు హార్ప్సికార్డులకు మార్చుకున్నారు. హార్ప్సికార్డంటే పియానోకు పెద్దక్క లాంటిది, మెట్లు నొక్కితే లోపల తీగలు మీటుతుంది. పోనీ అది పరాయివాళ్ల కృతి అనుకుందాం. తాను ఒంటి వయొలిన్‌కు రాసుకున్న దాన్నే 1731లో లైప్‌జిగ్ పురపాలక సభ వారి ఉత్సవానికి చర్చిలోని ఆర్గన్‌కు మార్చి, వెనక బాకాలూ, నగారాలూ చేర్చారు.

ఆర్గన్ మాత్రం ఏమిటి చెప్పండి? ఆ రోజుల్లో అంతకన్నా చిక్కైన యంత్రాలు బహు కొద్ది. వందలకొద్దీ గొట్టాలు, వాటిలోకి గాలి ఊదడానికి తోలుతిత్తులు, ఆ తిత్తులు తొక్కడానికి వేరే మనుషులు. వాయించిన వారి పేరు నిలిచింది. తిత్తులు తొక్కినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

బాఖ్ పోయాక ఆయన పెద్ద రచనలు చాలావరకు మూలపడ్డాయి. 1829లో మెండెల్‌సన్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాడు బాఖ్ రాసిన ఒక మహాకృతిని బెర్లిన్‌లో పాడించాడు. దాంతో లోకం మళ్లీ అటు తిరిగింది. ఆ కుర్రవాడికి దాని ప్రతిని బహుమతిగా ఇచ్చింది ఎవరనుకున్నారు? వాళ్ల అమ్మమ్మ.

అప్పటికి హార్ప్సికార్డు పాతబడి మూలన పడింది, ఇంటింటా పియానో వచ్చేసింది. బాఖ్‌ను అందరూ పియానో మీదే వాయించేవారు. దాన్ని మళ్లీ సభకెక్కించినావిడ పోలెండు దేశంలో పుట్టిన వాండా లాండోవ్‌స్కా. జనం నవ్వినా జంకలేదు. 1912లో పారిస్‌లో ఒక పియానోల కంపెనీ చేత పెద్ద హార్ప్సికార్డు కొత్తగా తయారు చేయించుకుంది. చిత్రమేమిటంటే, దాని లోపల ఇనప చట్రం ఉంది, అలాంటిది బాఖ్ ఎరగరు. అంటే పాత వాద్యమని జనం మురిసి విన్నది కూడా ఇరవయ్యో శతాబ్దపు యంత్రమేనన్న మాట!

ఇక కరెంటు వాద్యం సంగతి. న్యూయార్క్‌లో పుట్టిన రాబర్ట్ మోగ్ అనే ఇంజనీరు 1964లో సింథసైజర్ అనే యంత్రం తయారు చేశాడు. చూడ్డానికి బీరువా అంత పెట్టె. దాని నిండా గుండీలు, చిల్లులు. వెనకటి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు అమ్మాయిలు ఒక చిల్లులోంచి ఇంకో చిల్లులోకి వైర్లు గుచ్చేవారు చూడండి, అచ్చం అలాగే దీనికీ వైర్లు గుచ్చాలి. ముందు హార్మోనియం మెట్ల లాంటి మెట్లు ఉంటాయి.

ఇది పలికే తీరు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కరెంటును సెకనుకు ఇన్నిసార్లని ఊగిస్తే అదే స్వరమవుతుంది. 440 సార్లు ఊగితే పాశ్చాత్యులు శ్రుతి చేసుకునే స్వరం వస్తుంది. ఆ శబ్దాన్ని ఇంకో భాగం జల్లెడ పట్టి, కీచుగా ఉన్నది తీసేసి మెత్తన చేస్తుంది. మరో భాగం ఆ శబ్దం ఎలా పుట్టాలి, ఎంతసేపు నిలవాలి, ఎలా అణగాలి అన్నది చూస్తుంది. వీణ తీగ మీటగానే ఠంగుమని నెమ్మదిగా తగ్గుతుంది. వయొలిన్ మీద కమాను లాగితే నెమ్మదిగా పెరుగుతుంది. ఆ తేడాను కూడా గుండీలు తిప్పి తెప్పించుకోవాలి.

ఈ యంత్రాన్ని పట్టుకుని బాఖ్‌ను వాయించినావిడ వెండీ కార్లోస్. 1939లో అమెరికాలో పుట్టి, భౌతికశాస్త్రమూ సంగీతమూ రెండూ చదువుకున్నారు. రికార్డింగ్ స్టూడియోలో టేపులు అతికే ఉద్యోగం చేశారు. ఆవిడకు తోడు రేచెల్ ఎల్కిండ్. ఈవిడ గాయని. పెద్ద రికార్డుల కంపెనీ అధ్యక్షుడి దగ్గర సెక్రటరీగా పనిచేసి, ఆ లోకం పోకడలు తెలిసిన మనిషి. కార్లోస్ అంతకుముందు చేసిన చిన్న బాఖ్ రచనను విని, దీన్ని పూర్తి రికార్డు చేయవచ్చునని పట్టుబట్టింది ఈవిడే.

కరెంటుతో పని కదా, చిటికెలో అయిపోయి ఉంటుందనుకుంటున్నారా? అక్కడే ఉంది తిరకాసు. ఆ రోజుల్లో ఆ యంత్రం ఒక్కసారికి ఒక్క స్వరమే పలికేది. రెండు మెట్లు కలిపి నొక్కినా రెండు స్వరాలు రావు. మరి బాఖ్ సంగీతం నాలుగు పాటలు కలిసి నడిచేదని ఇందాక చెప్పుకున్నాం. అంచేత ఒక్కొక్క వరసనూ విడివిడిగా వాయించి, ఎనిమిది దారులున్న టేపు మీద ఒకదాని పక్కన ఒకటి ఎక్కించాలి. ఆ టేపు యంత్రం కూడా కార్లోస్ విడిభాగాలు తెచ్చి స్వయంగా బిగించుకున్నదే. ఇవి చాలక, గదిలో వేడి కాస్త మారితే చాలు, శ్రుతి జారిపోయేది. నాలుగు స్వరాలు వాయించడం, శ్రుతి చూసుకోవడం, జారితే చెరిపేసి మళ్లీ మొదలెట్టడం. తొమ్మిది తీగవాద్యాలకు బాఖ్ రాసిన మూడో బ్రాండెన్‌బర్గ్ కృతిని కూడా ఇలాగే, దారం దారం కలిపి నేసినట్టు తయారు చేశారు. దాని మధ్య భాగంలో బాఖ్ రెండే రెండు స్వరసమూహాలు రాసి వదిలేశారు, తక్కినది వాయించేవారి ఊహకే. ఆ ఖాళీ పూరించడంలో బెంజమిన్ ఫోక్‌మన్ అనే సంగీతజ్ఞుడు సాయపడ్డాడు.

ఇలా సుమారు ఐదు నెలలు, దాదాపు వెయ్యి గంటలు పట్టింది. మొత్తం కలిపి వినడానికి గంట కూడా పట్టదు. మనం పూటంతా కూర్చుని చేసిన పిండివంట పది నిమిషాల్లో ఖాళీ కావడం మనకు కొత్త కాదు కదూ!

1968లో 'స్విచ్డ్ ఆన్ బాఖ్' పేరుతో ఆ లాంగ్ ప్లే రికార్డు వెలువడింది. అట్ట మీద బాఖ్ లాగా విగ్గు పెట్టుకున్న మనిషి సింథసైజర్ ముందున్న బొమ్మ. మొదటి రచన ఏమిటో తెలుసా? బాఖ్ వయొలిన్ నుంచి ఆర్గన్‌కు మార్చారని చెప్పానే, అదే. ఆయన ఒకసారి వాద్యం మార్చారు, వీళ్లు ఇంకోసారి మార్చారు.

శాస్త్రీయ సంగీతం రికార్డులు కొద్దిమందే కొనే దేశంలో ఇది పాప్ పాటలతో పోటీపడి పదో స్థానం దాకా ఎక్కింది. 1970లో మూడు గ్రామీ బహుమతులు వచ్చాయి. 1986లో పది లక్షల ప్రతుల అమ్మకానికిచ్చే ప్లాటినం గుర్తింపు పొందింది. 2005లో అమెరికా జాతీయ గ్రంథాలయం వారు భద్రపరచవలసిన రికార్డుల్లో చేర్చారు. బాఖ్‌ను వాయించడంలో పేరుమోసిన కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ మనసారా మెచ్చుకున్నాడు. ఇది గారడీ, ప్రాణం లేదు అన్నవాళ్లూ ఉన్నారు.

ప్రాణం లేదన్న మాట మనకూ కొత్తది కాదు. యూరప్ నుంచి వచ్చిన హార్మోనియం మన పద్యనాటకాలకు ఊపిరి పోసింది. అదే హార్మోనియం గమకం పలకదని 1940లో ఆకాశవాణి వారు దాన్ని దూరం పెట్టారు. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు. వయొలిన్ కూడా పరాయి వాద్యమే. ఇవాళ అది లేకుండా మన కచేరీ ఊహించగలమా? గమకం పలకదన్న అభ్యంతరంలో అర్థం ఉంది, కాదనను. వాద్యం కొత్తదన్న ఒక్క కారణానికి తోసెయ్యడం మటుకు సరికాదు. వాయించిన మనిషి స్వరాన్ని ఎంత శ్రద్ధగా పలికించారో అది చూడాలి.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఆ అట్ట మీద అచ్చయిన పేరు వాల్టర్ కార్లోస్. పుట్టినప్పుడు పెట్టిన మగపేరు అది. లోపల తాను స్త్రీనన్న సంగతి చిన్ననాటి నుంచీ ఆవిడకు తెలుసు. లోకానికి వెరచి, సభల్లోకి రావలసినప్పుడు మగవేషంతోనే వచ్చేవారు. 1979లో ఒక పత్రికతో మాట్లాడుతూ ధైర్యంగా బయటపెట్టారు. తర్వాత వచ్చిన ముద్రణల్లో వెండీ కార్లోస్ అనే ఉంది. అంతటి విజయం వచ్చినా, ఆ పదేళ్లూ ఆవిడ తన పేరుతో తాను దాన్ని అందుకోలేకపోయారు. రేచెల్ ఎల్కిండ్ పేరు నిర్మాతగా ఉంది నిజమే. ఆ సంగీతం గురించి మాట్లాడేవాళ్లు ఆవిడను తలుచుకోవడం మాత్రం అరుదు.

ఇప్పుడు మన పిల్లల చేతుల్లోని ఫోనులోనే అలాంటి సింథసైజర్ ఇమిడిపోతుంది. ఎన్ని స్వరాలైనా ఒకేసారి పలుకుతుంది, వేడికి శ్రుతి జారదు. యంత్రం కాబట్టి పని దానంతట అదే అయిపోతుందనే భ్రమ కూడా అందుకే పెరిగింది. వాషింగ్ మెషిన్ కొన్నాక ఇంకా నీకు పనేముందని అడిగేవాళ్లను మనం చూడటం లేదూ?

వీలైతే పిల్లల చేత బాఖ్ రచన ఒకటి వెతికించుకుని ముందు వయొలిన్ మీద, తర్వాత ఈ కరెంటు వాద్యం మీద వినండి. మొదటిసారి వట్టి చప్పుడులా ఉన్నా విసుక్కోకండి. ఒక వరసను పట్టుకుని దాని వెంటే వెళ్లండి, తర్వాత రెండోదాని వెంట. ఏది బాగుందో మీరే తేల్చుకోవచ్చు. వయొలినే బాగుందన్నా తప్పు లేదు. ఒక్కొక్క స్వరమూ విడిగా వాయించి కూర్చిన ఆ ఇద్దరినీ, దీపం వెలుతురులో నకళ్లు రాసిపెట్టిన ఆనా మాగ్దలేనానూ ఆ కాసేపూ తలుచుకోండి, అంతే చాలు.