నోటి మాటతో చేరిన మందు

నేను ఇక్కడ బ్రిటన్‌లో ఐటీ కన్సల్టెంటుని. ఈ వారం ఓ మాత్ర చరిత్ర చెబుతాను.

హెచ్.ఐ.వి. సోకకుండా ముందే వేసుకునే మందు పేరు ప్రెప్. ఇంగ్లండులో 544 మంది గే, బైసెక్సువల్ పురుషులతో జరిగిన 'ప్రౌడ్' అధ్యయనంలో ఇది 86 శాతం రక్షణ ఇచ్చిందని 2015లో తేలింది. అయినా 2016 మార్చిలో ఎన్.హెచ్.ఎస్. ఇంగ్లండ్, ఆ ఖర్చు తన బాధ్యత కాదంది. నేషనల్ ఎయిడ్స్ ట్రస్ట్ కోర్టుకెళ్ళి గెలిచింది. 2017లో పెద్ద ట్రయల్ మొదలైంది. 2020లో అది మామూలు సేవ అయింది.

ఈలోగా ఆ పురుషులు చేతులు కట్టుకు కూర్చోలేదు. ఒకరికొకరు చెప్పుకుని, మన దేశంలో తయారైన చవక మాత్రలు కూడా తెప్పించుకున్నారు. లండన్‌లోని అయిదు క్లినిక్కుల్లో 2016 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో, అంతకు ముందటి ఏడాదికన్నా వాళ్ళలో కొత్త కేసులు 32 శాతం తగ్గాయి. తరచూ పరీక్షలు, వెంటనే చికిత్స, ప్రెప్ - మూడూ కలిసి పనిచేశాయి.

కానీ నోటి మాట స్నేహితులున్న చోటికే వెళుతుంది. అమ్మానాన్నలకు భయపడి ఎవరితోనూ కలవని మన తెలుగు అబ్బాయికి అదెలా చేరుతుంది? పెద్దలారా, ఈ సంగతి ఇంట్లో ఒక్కసారి మామూలుగా అనండి. లైంగిక ఆరోగ్య క్లినిక్కులో ముందు రక్తపరీక్ష చేసి, ప్రెప్ ఉచితంగా ఇస్తారు. ఎవరినీ అడగక్కర్లేకుండానే ఆ అబ్బాయికి దారి తెలుస్తుంది.