మస్కి బండ మీద ‘ది’

1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు రాయచూరు జిల్లా మస్కిలో ఒక బండ మీద బ్రాహ్మీ అక్షరాలు చూశాడు. అది అశోకుడి శాసనమని తేలింది. అంతవరకూ దొరికిన ఆయన శాసనాల్లో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అన్న బిరుదులే ఉండేవి. ఇందులో మాత్రం ‘అసోకస’ అని పేరే చెక్కారు. ఆ ఏడే హెచ్. కృష్ణశాస్త్రి దాన్ని ‘ది న్యూ అశోకన్ ఈడిక్ట్ ఆఫ్ మస్కి’ పేరుతో ప్రచురించారు.

ఆ ఇంగ్లీషు పేరులో ‘ది’ ఎందుకంటే మస్కిలో దొరికింది అదొక్కటే. ‘ఏ శాసనం?’ అని అడిగే పనే లేదు. అశోకుడి పేరున్న శాసనం అన్నా అప్పట్లో ‘ది ఈడిక్టే’. తర్వాత మధ్యప్రదేశ్‌లోని గుజర్రాలో, రాయచూరు పక్కనే ఉన్న బళ్ళారి జిల్లా నిట్టూరు, ఉడెగోళంలో కూడా ఆ పేరు బయటపడింది. దాంతో మస్కిది ‘ఎన్ ఈడిక్ట్’ అయింది. బండ ఉన్నచోటే ఉంది, మారింది మన ఎరుక. ఇంగ్లీషు ఆర్టికల్ కిటుకంతా ఇదే. వినేవాడికి అది ఏదన్నది తెలిస్తే ‘ది’, తెలియకపోతే ‘ఎ’.

ఈ రెండూ మొదట్లో మామూలు మాటలే. పాత ఇంగ్లీషులో మన ‘ఆ’ లాంటి చూపుడు మాటలు లింగానికొకటి, విభక్తికొకటిగా ఉండేవి. అవన్నీ అరిగి ఆర్టికల్‌గా ‘ది’ ఒక్కటే మిగిలింది. ఒకటి అనే అర్థమున్న ‘ఆన్’ నుంచి ‘ఎన్’ వచ్చింది. హల్లు ముందు దాని నకారం రాలిపోతే ‘ఎ’ అయింది. అచ్చు ముందు ‘ఎ’ని ‘ఎన్’ చేయాలని బడిలో చెబుతాం గానీ, వయసులో ‘ఎన్’దే పెద్దరికం.

ఆ నకారం చాలా గందరగోళం చేసింది. ‘ఎ నాప్రన్’ను జనం ‘ఎన్ ఏప్రన్’గా విన్నారు. ‘ఎన్ ఈక్‌నేమ్’ కాస్తా ‘ఎ నిక్‌నేమ్’ అయింది. మన నారింజ చుట్టం ఒకటి పర్షియా, అరేబియాల మీదుగా యూరప్ చేరి, అక్కడి ఆర్టికల్ చివరి నకారంలో తన నకారాన్ని పోగొట్టుకుని ఆరెంజ్‌గా ఇంగ్లీషులోకి వచ్చింది.

తెలుగులోనూ ‘ఊళ్లో ఒక బండ ఉంది. ఆ బండ మీద శాసనం ఉంది’ అంటాం. రాయచూరు కన్నడిగులకూ ‘ఒందు’, ‘ఆ’ ఉన్నాయి. మనకు అవి అవసరమైతేనే, ఇంగ్లీషుకు తప్పనిసరి. అక్కడా పట్టింపులున్నాయి. రాయచూరుకు ఆర్టికల్ అక్కర్లేదు గానీ కృష్ణకూ తుంగభద్రకూ ‘ది’ కావాలి, ఆ రెండింటి నడుమ ఉన్న రాయచూరు అంతర్వేదికీ కావాలి.

మస్కి శాసనం చెక్కిన ప్రాకృతంలో అసలు ఆర్టికలే లేదు.