అంబాసిడర్ కింద ఆయిల్ మరక

"వెనక సీల్ పోయినట్టుంది, మార్చెయ్యండి" అంటూ అంబాసిడర్ తీసుకొచ్చినవాళ్లకి మా షెడ్డులో మొదట వినపడే మాట ఒకటే: "ఈ ఇంజిన్‌కి వెనక సీలే లేదండీ." చాలామంది నమ్మేవారు కాదు. డబ్బు దండుకోవడానికి ఏదో చెబుతున్నామనుకునేవారు. దించిన ఇంజిన్ ఏదైనా బల్ల మీద ఉంటే పిలిచి చూపించేవాళ్లం. క్రాంక్ షాఫ్ట్ వెనక చివర, ఫ్లైవీల్ బిగించే చోటుకి కాస్త ముందు, మర చుట్టులాగా ఒక గాడి చెక్కి ఉంటుంది. దాని చుట్టూ ఇనుప గూడు. రెంటి మధ్యా వెంట్రుకవాసి సందు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆ గాడి తన మీదికి వచ్చిన ఆయిల్‌ని లోపలికి, అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ వైపుకి తోసేస్తుంది. రబ్బరు లేదు, తోలు లేదు, తాడు లేదు. ఇంజిన్ ఆపితే తోసేదీ ఉండదు. అప్పటికే గాడిలో మిగిలిన నాలుగు చుక్కలు బయటి దారి పడతాయి. తెల్లారేసరికి నేల మీద రూపాయి బిళ్లంత మరక.

అది తప్పు కాదు. ఆ ఇంజిన్‌ని అలాగే గీశారు, అలాగే పోతపోశారు. బ్రిటన్‌లో ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌గా కలిశాక వచ్చిన బీ సిరీస్ ఇంజిన్ అది. మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు. కలకత్తా పక్కన ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని 1950ల చివర్లో మొదలుపెట్టింది. మొదట పాత సైడ్ వాల్వ్ ఇంజిన్‌తో వచ్చింది, 1959లో 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ బీ సిరీస్‌కి మారింది. షాఫ్ట్‌ని మోసేవి మూడే మూడు మెయిన్ బేరింగులు.

ఇక్కడే నాకు ఇప్పటికీ మనసు కష్టపెట్టే సంగతి ఒకటుంది. అదే కుటుంబానికి చెందిన 1798 సీసీ ఇంజిన్‌కి ఇంగ్లండులో 1964లో అయిదు బేరింగుల షాఫ్ట్ పెట్టారు, దాంతోపాటు వెనకవైపు పెదవి ఉన్న అసలైన సీల్ కూడా వచ్చింది. ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారులో వాడిన ఇంజిన్ అది. అంటే లోపం వాళ్లకి తెలుసు, దిద్దుకున్నారు. మనకి మూడు బేరింగులూ, ఆ గాడీ అలాగే ఉండిపోయాయి. లైసెన్సుల రోజుల్లో కారు బుక్ చేస్తే ఏళ్లు గడిచాక గానీ చేతికొచ్చేది కాదు. కొనేవాడు క్యూలో ఉన్నప్పుడు అమ్మేవాడికి సీల్ మీద ధ్యాస ఎందుకుంటుంది? ఆ భారమంతా మెకానిక్ మీద పడింది. ఆయిల్ కారుడు పట్టుకోవడం ఒక విద్యగా పెరిగింది అలాగే.

బెజవాడలో ఆ విద్యకి బడి ఆటోనగర్. ఊరి మధ్యలో ఇరుకు సందుల్లో నడిచిన లారీ షెడ్లూ, బాడీ కట్టేవాళ్లూ, లేతు పనివాళ్లూ 1960ల్లో బందరు రోడ్డు వైపున్న ఆ స్థలానికి చేరారు. నేను వచ్చేనాటికి ఒక్కో వీధిది ఒక్కో పని. బోరింగ్ ఒకచోట, రేడియేటర్లు ఒకచోట, ప్యాకింగులు కోసేవాళ్లు ఇంకోచోట. బయట గ్యాస్కెట్ అంటారుగానీ మాకది ప్యాకింగే. కంపెనీ ప్యాకింగ్ దొరక్కపోతే మందపాటి కాగితాన్ని కవర్ అంచు మీద పరిచి, గుండు సుత్తితో చుట్టూ సన్నగా కొట్టుకుంటూ పోతే అంచు తన ఆకారాన్ని తనే కత్తిరించి ఇచ్చేది. కొత్తగా చేరిన కుర్రాళ్ల చేతికి మొదట ఆ సుత్తే ఇచ్చేవారు.

మా మేస్త్రీ గారు అసలు కారు కిందికి దూరనిచ్చేవారు కాదు. "ఆయిల్ పైనుంచి కిందికొస్తుంది, ముందునుంచి వెనక్కొస్తుంది. నువ్వు కిందా వెనకా చూస్తే ఏం తెలుస్తుందిరా?" అనేవారు. ఫ్యాను గాలి, బండి పరుగు గాలి రెండూ ఆయిల్‌ని వెనక్కే తోస్తాయి. ఎక్కడ పుట్టినా చివరికి బెల్ హౌసింగ్ అడుగున ఉన్న చిన్న కన్నం దగ్గరే వేలాడుతుంది. అందుకే ప్రతి కారుడూ వెనక సీల్ కారుడులాగే కనిపిస్తుంది.

గుడివాడ నుంచి ఒక ప్లీడరు గారు తెచ్చిన కారు నాకు బాగా గుర్తు. వేరే ఊళ్లో ఒక షెడ్డువాళ్లు ఇంజిన్ దించాల్సిందే అన్నారట. మేస్త్రీ గారు ఒక్క బోల్టు కూడా విప్పలేదు. ఇంజిన్‌ని కిరోసిన్‌తో కడిగించారు, బనీను వేస్టుతో తుడిపించి ఎండలో ఆరబెట్టించారు. తర్వాత ఇంట్లో మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెప్పించి, బ్లాకుకి రెండువైపులా, చాంబర్ అంచు వెంబడీ చల్లించారు. ఐడిలింగ్‌లో పది నిమిషాలు ఉంచితే ఎక్కడా తడి లేదు. "నిలబెట్టి చూస్తే ఏమీ చెప్పదు. కంకిపాడు దాకా తోలుకురండి ప్లీడరు గారూ, గట్టిగా తోలండి" అన్నారు.

తిరిగొచ్చాక మానిఫోల్డ్ వెనక చిన్న అద్దం పెట్టి, టార్చిలైటు కొట్టి నన్ను చూడమన్నారు. ఈ ఇంజిన్‌కి ఎడమవైపు, వేడెక్కే మానిఫోల్డ్ కిందుగా, రెండు రేకు సైడ్ కవర్లు ఉంటాయి. వాటి లోపల టాపెట్లు ఆడతాయి. ఒక్కో కవర్‌ని పట్టి ఉంచేది మధ్యలో ఒక్కటే బోల్టు. కవర్‌కీ బ్లాకుకీ మధ్య బెండు ప్యాకింగ్. వెనక కవర్ కింది అంచున పౌడరు తడిసి బూడిదరంగుకి తిరిగింది. అక్కడ మొదలైన సన్నటి గీత బ్లాకు మీదుగా వెనక్కి జారి, బెల్ హౌసింగ్ అతుకు దగ్గరికెళ్లి మాయమైంది. అంతకుముందు ఎవరో కారుతోందని ఆ ఒక్క బోల్టునీ బలంకొద్దీ బిగించారు. మధ్యలో రేకు లోపలికి పోయి అంచులు పైకి లేచాయి. ఎంత బిగిస్తే అంత కారుతుంది. కవర్ తీసి చదును దిమ్మె మీద సరిచేసి, కొత్త బెండు వేసి, పానాని రెండు వేళ్లతో తిప్పినంతే బిగించాం. ఇంజిన్ దించే ఖర్చు మిగిలింది. ప్లీడరు గారు ఆ తర్వాత కారు ఇంకెక్కడికీ తీసుకెళ్లలేదు.

చాంబర్ రేకుకీ ఇదే జబ్బు. బోల్టు కన్నాల దగ్గర రేకు ఉబ్బితే, ఆ ఉబ్బుని సుత్తితో వెనక్కి కొట్టి అంచంతా ఒక మట్టానికి తేవాలి. అది చెయ్యకుండా ఎంత ఖరీదు ప్యాకింగ్ వేసినా దండగే.

బెండు గురించి రెండు మాటలు. మధ్యధరా ప్రాంతాల్లో పెరిగే ఒక జాతి ఓక్ చెట్టు బెరడు అది. నొక్కితే అణిగి, వదిలితే లేచే గుణం ఉంది కాబట్టి ఎగుడుదిగుడు రేకుకి సరిపోయింది. అయితే మన ఎండలకి షాపు మేకు మీద వేలాడుతూనే ఎండి కురచబడేది. బోల్టు కన్నాలు కలిసేవి కావు. కుర్రాళ్లు దాన్ని సాగదీసి చింపేవారు. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెడితే తన కొలతకి తనే వచ్చేది. దానికి పూత లక్క. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, ఇంజిన్ ఆయిల్‌లో కరగదు. ఆ ఒక్క గుణంతోనే అది ప్రపంచమంతటా ఇంజిన్ అతుకుల్లో చోటు సంపాదించింది. ఎక్కువగా పండేది మన దేశంలోనే, ఛోటానాగపూర్ అడవుల్లో. దాని మీద పరిశోధనకి రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో 1920ల్లోనే ఒక సంస్థ పెట్టారు. ఇంగ్లండు ఇంజిన్‌లో మన అడవి పురుగుల జిగురు పనిచేసిందన్న సంగతి షెడ్డులో కుర్రాళ్లకి చెప్పడం నాకెంతో ఇష్టంగా ఉండేది.

తిరిగే షాఫ్టుకి వేసే పెదవి సీల్ మొదట్లో తోలే. జర్మనీలో వైన్‌హైమ్ ఊళ్లో ఫ్రాయిడెన్‌బర్గ్ అనే తోళ్ల కంపెనీ 1930ల మొదట్లో ఇనుప గూటిలో తోలు పెదవి బిగించి అమ్మింది. తర్వాత తోలు పోయి ఆయిల్‌కి చెడని రబ్బరు వచ్చింది.

ఇవన్నీ అతుకుల సంగతులు. నా అనుభవంలో సగానికి సగం కారుళ్లకి కారణం అతుకు కాదు, గాలి. పిస్టన్ రింగులు అరిగితే మండిన గ్యాస్ పక్కనుంచి కిందికి దిగుతుంది. మేం దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటాం. అది బయటికి పోవడానికి ముందు సైడ్ కవర్ నుంచి ఒక బ్రీదర్ గొట్టం నేల వైపుకి దిగి ఉంటుంది. దుమ్మూ, ఆయిల్ మడ్డీ కలిసి ఆ గొట్టం మూతిని పూడ్చేస్తే, మూత బిగించిన అన్నం గిన్నెలాగా ఆవిరి సందు దొరికినచోటల్లా తన్నుకొస్తుంది. ఇంజిన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్, చాంబర్, టైమింగ్ కవర్, వెనక గాడి, అన్నీ ఒక్కసారే కారతాయి. ప్యాకింగులన్నీ మార్చినా నెల తిరక్కుండా కారు మళ్లీ వస్తుంది. అందుకే మేస్త్రీ గారు ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, అరచెయ్యి అడ్డంపెట్టి చూసేవారు. పొగ దమ్ములు దమ్ములుగా చేతికి తగిలితే ప్యాకింగ్ మాట ఎత్తేవారే కాదు.

మన దగ్గర ఈ జబ్బు ఎక్కువ కావడానికి కారణం ఉంది. కొత్త కారు దొరకని రోజుల్లో ఒక్కో ఇంజిన్‌కి ఇరవై, నలభై, అరవై అని బోరు పెంచుకుంటూ పోయారు. అంగుళంలో వెయ్యోవంతుల లెక్క అది. ఆ తర్వాత స్లీవులేసి మళ్లీ మొదటికొచ్చారు. తండ్రి నడిపిన టాక్సీనే కొడుకూ నడిపాడు. రింగు అరిగినా పండగ దాకా, పంట దాకా లాగించేవారు. అమెరికాలో పొగ ఊరి మీద పడుతోందని కాలిఫోర్నియాలో 1961 మోడల్ కార్ల నుంచే ఆ ఆవిరిని తిరిగి ఇంజిన్‌లోకే పీల్చే ఏర్పాటు పెట్టారు. దానివల్ల లోపలి ఒత్తిడి కూడా తగ్గి, కారుడు కూడా తగ్గింది. మా చేతికొచ్చిన పాత అంబాసిడర్లలో ఆ ఆవిరి రోడ్డు మీదికే పోయేది.

1983 డిసెంబరులో మారుతి వచ్చింది. నేల మీద మరక లేకుండా కారు నిలబడుతుందని జనం అప్పుడు చూశారు. అక్కణ్ణుంచి మా పని కారుడు వెతకడం కాదు, ఫలానా నంబరు సీల్ తెచ్చి మార్చడం అయింది. సిలికాన్ ట్యూబులొచ్చాయి. అది మంచి సరుకే, తగినంత రాస్తే. అంచుకి బయటికి ఉబికినంతే లోపలికీ ఉబుకుతుందని చాలామంది ఆలోచించరు. ఆ లోపలి ముద్దలు రాలి ఆయిల్ పంపు జాలీకి అడ్డంపడితే బేరింగులు పోతాయి. అలా పట్టేసిన ఇంజిన్లని నేను విప్పాను. చాంబర్‌లో చిటికెన వేలు పొడవు సిలికాన్ తీగలు తేలుతుంటే కడుపు తరుక్కుపోయింది.

ఉత్తరపారాలో 2014 మేలో పని ఆగిపోయింది. ఇప్పుడు పాత అంబాసిడర్ని ముచ్చటపడి బాగుచేయించుకునే కుర్రాళ్లు ఫోను చేసి వెనక సీల్ కిట్ గురించి అడుగుతున్నారు. విదేశాల్లో ఈ జాతి ఇంజిన్లకి అలాంటివి దొరుకుతాయి. వాళ్లకి నేను చెప్పేది ఇది. ముందు డిప్‌స్టిక్ చూడండి, గీత దాటి ఆయిల్ పోసుంటే ఆ గాడి తోయలేదు. బ్రీదర్ గొట్టం ఊడదీసి కడగండి. సైడ్ కవర్లూ టాపెట్ కవరూ సరిచేయించండి. అయినా కారితే వెనక మెయిన్ బేరింగ్ ఎంత అరిగిందో కొలిపించండి. షాఫ్ట్ అటూ ఇటూ ఊగుతుంటే కొత్త రబ్బరు పెదవి కూడా దాంతోపాటే అరిగిపోతుంది. బేరింగులు వేయించి, గాడి చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూపించుకోండి. ఆ పని చేయించాక రాత్రికి రెండు మూడు చుక్కలు పడితే పడనివ్వండి, కింద ఒక రేకు పళ్లెం పెట్టుకోండి. అంతకు మించితే నా దగ్గరికి తీసుకురండి, కడిగి పౌడరు చల్లి చూద్దాం.