బోరుకో సిమ్ కార్డు

పామూరులో మోటార్ సామాన్లు అమ్మే కొట్టుకెళ్ళి ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ కావాలంటే తెల్లమొహం వేస్తారు. సెల్ స్టార్టర్ కావాలంటే ఏ కంపెనీది అని అడుగుతారు. రెండూ ఒకటే. సిమ్ కార్డు వేసిన ఓ పెట్టెను బోరు మోటార్ స్టార్టర్‌కి తగిలిస్తారు. ఇంట్లోంచి ఫోన్ చేస్తే మోటార్ ఆన్ అవుతుంది. కరెంటు పోయినా, ఒక ఫేజు తగ్గినా ఆ పెట్టే తిరిగి కబురు చెబుతుంది. పుణెలో తయారైన నానో గణేశ్, బెంగళూరు నుంచి వచ్చిన కిసాన్ రాజా ఈ జాతివే. వస్తువులు నెట్‌వర్క్ మీద మాట్లాడుకోవడానికి కెవిన్ ఆష్టన్ 1999లో ఒక పేరు పెట్టాడు. ఆ పేరు మన సచివాలయాల దాకా రాకముందే దాని పని మన చేలల్లోకి వచ్చేసింది.

రైతులు దాన్ని మోజుపడి కొనలేదు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది గానీ అది వచ్చే వేళ రైతు చేతిలో లేదు. విడతలు విడతలుగా, చాలాసార్లు అర్ధరాత్రి వచ్చేది. మోటార్ వేయడానికి చీకట్లో చేను గట్టున నడవాలి. తడి నేల, తెగిన వైరు, పురుగూ పుట్రా. (పామూరు పేరులోనే పాము ఉంది, ఊళ్ళో దేవుడు వల్లీ భుజంగేశ్వరుడు. పేరు వెనక అసలు కథ ఏదైనా, రాత్రిపూట పొలానికి వెళ్ళేవాడికి ఇది చమత్కారం కాదు.) కాబట్టి ఆ సిమ్ కార్డు ప్రాణభయంతో పుట్టిన అవసరం. దానికే విధానమూ లేదు.

విధానాలు తర్వాత వచ్చాయి, ఒకదాని మీద ఒకటి. 2014 అక్టోబర్‌లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఐఓటీ విధానం ముసాయిదా విడుదల చేసింది. 2020 నాటికి దేశంలో 1,500 కోట్ల డాలర్ల పరిశ్రమ రావాలన్నారు. 2015 మేలో టెలికాం శాఖ యంత్రాల మధ్య సంభాషణకు మరో రోడ్‌మ్యాప్ తెచ్చింది. 2016 మార్చిలో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం సొంత ఐఓటీ విధానాన్ని ఆమోదించింది. 2020 కల్లా దేశ మార్కెట్లో 10 శాతం వాటా, 50 వేల ప్రత్యక్ష ఉద్యోగాలు, 10 హబ్‌లు లక్ష్యమన్నారు. మరుసటి ఏడాది తెలంగాణ కూడా తన విధానం ప్రకటించింది. 2018 నాటి జాతీయ డిజిటల్ విధానం 2022కల్లా 500 కోట్ల పరికరాలు అనుసంధానం కావాలంది. అదే ఏడాది యంత్రాల్లో వాడే సిమ్‌లకు 13 అంకెల నంబర్లు కేటాయించడం మొదలైంది.

ఈ కాగితాల్లో వ్యవసాయం లేదని కాదు. కేంద్రం ముసాయిదాలో వ్యవసాయం, నీటి నాణ్యత లాంటివి వరసగానే ఉన్నాయి. కానీ లక్ష్యాలుగా లెక్కపెట్టినవి మాత్రం డాలర్లు, ఉద్యోగాలు, పరికరాలు. పరికరం చెప్పే సంగతి ముందుగా ఎవరి చెవిన పడాలన్నది లక్ష్యాల్లోకి ఎక్కలేదు. పశ్చిమ ప్రకాశంలో, వెయ్యి అడుగులు దింపినా చుక్క పడుతుందో లేదో తెలియని చోట, నాకైతే అసలు ప్రశ్న అదే.

పైగా ఆ ప్రశ్నకు ఇక్కడే ఒకసారి సమాధానం వెతికారు. 2003 నుంచి 2009 దాకా ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టు నడిచింది. పలకడం కష్టమే. రైతులే నడుపుకునే భూగర్భజల వ్యవస్థ అని దాని అర్థం. డబ్బు మొదట నెదర్లాండ్స్‌ది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వెనకుంది, బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండి నడిపింది. ఆ ఏడు జిల్లాల్లో ప్రకాశం ఒకటి. ఆరు వందలకు పైగా ఊళ్ళలో రైతులు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం కొలిచేవారు. రోజూ వాన ఎంత పడిందో రాసేవారు. ఆ అంకెలను అందరికీ కనిపించేలా ఊళ్ళో బోర్డు మీద ఎక్కించేవారు. రబీకి ముందు అందరూ కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేసుకునేవారు: భూమిలో ఇంత ఉంది, అనుకున్న పంటలన్నీ వేస్తే ఇంత కావాలి, లోటు ఇంత. ఆపైన ఎవరు ఏం వేయాలన్నది వాళ్ళ ఇష్టమే. బలవంతం లేదు, జరిమానా లేదు, సబ్సిడీ లేదు.

2010లో ప్రపంచబ్యాంకు నివేదిక దీన్ని మెచ్చుకుంది. 2012లో ఐడబ్ల్యూఎంఐ-టాటా పరిశీలన అంత తొందర పడొద్దంది. ఊరంతా కలిసి నీళ్ళు పొదుపు చేశారన్న మాటను అది గట్టిగా ప్రశ్నించింది. ఆ సందేహం న్యాయమైనదే. ప్రాజెక్టు డబ్బు ఆగాక ఎవరు కొలుస్తారు? పదిహేను రోజులకోసారి టేపు పట్టుకుని బోరు దగ్గరికి వెళ్ళడం విసుగు పుట్టించే పని, కూలి రాని పని. విసుగెరగని సెన్సర్ రావలసింది సరిగ్గా ఇక్కడే.

వచ్చింది కూడా. మోటార్ లేకుండా, నీటిమట్టం కొలవడానికే తవ్విన బోరును పీజోమీటర్ అంటారు. రాష్ట్ర భూగర్భజల శాఖ అలాంటివి వెయ్యికి పైగా బోర్లలో తనంతట తానే కొలిచి పంపే రికార్డర్లు పెట్టింది. ఏ నీటి శాఖకూ ఇది చిన్న పని కాదు, అందుకు మెచ్చుకోవాలి. అయితే అంకె ప్రయాణం మారిపోయింది. అప్పుడు బోరు నుంచి బోర్డు మీదికి, బోర్డు నుంచి రచ్చబండకు వెళ్ళేది. ఇప్పుడు బోరు నుంచి సర్వర్‌కి, అక్కణ్ణుంచి అధికారుల డాష్‌బోర్డుకి వెళ్తోంది. వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు, నిజమే. మండలం సగటు నీటిమట్టం చూసి తన వాగు పక్క చేలో ఏం వేయాలో ఎవరు తేల్చుకుంటారు?

2020 సెప్టెంబర్ 1న వచ్చిన జీవో 22తో ఈ తేడా బాహాటంగా బయటపడింది. వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు పెట్టి, సబ్సిడీ డబ్బును రైతు ఖాతాలో వేసి, అందులోంచి బిల్లు కట్టించాలన్నారు. శ్రీకాకుళంలో ప్రయోగం మొదలుపెట్టారు. విద్యుత్ సంస్కరణలు చేస్తే అదనంగా అప్పు చేసుకోనిస్తామని ఆ ఏడాది కేంద్రం రాష్ట్రాలకు చెప్పి ఉంది. రైతు సంఘాలు ఎదురు తిరిగాయి. ఉచిత కరెంటుకు మీటరు ఎందుకన్నారు. అప్పుడు కొందరు నగరవాసులు దీన్ని టెక్నాలజీ భయమన్నారు. సొంత డబ్బుతో బోరుకు సిమ్ కార్డు పెట్టుకున్నవాళ్ళకు టెక్నాలజీ భయమా! వాళ్ళు తేడా చూశారు, అంతే. సెల్ స్టార్టర్ తమకు కబురు చెబుతుంది. మీటరు తమ గురించి పైకి కబురు చెబుతుంది. ఎంత కరెంటు పోతోందో తెలియకుండా భూగర్భజలాన్ని కాపాడలేమన్న వాదనలో బలం ఉంది, కాదనను. కానీ ఆ లెక్క మొదట రైతు ఫోన్‌కే వచ్చి ఉంటే గొడవ ఇంకోలా ఉండేది.

2019 డిసెంబర్‌లో కేంద్రం 6,000 కోట్ల రూపాయలతో అటల్ భూజల్ యోజన తెచ్చింది. పంచాయతీ స్థాయిలో జనమే నీటి బడ్జెట్ వేసుకోవడం అందులో కీలకం. అమలుకు ఏడు రాష్ట్రాలను ఎంచుకున్నారు: గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. పదేళ్ళ ముందే ఆ బడ్జెట్ వేసి చూసిన రాష్ట్రం జాబితాలో లేదు.

మన దగ్గర ఇప్పుడు రెండు ముక్కలూ విడివిడిగా ఉన్నాయి. కొలిచే పరికరం శాఖ దగ్గర, కబురందుకునే ఫోన్ రైతు దగ్గర. దగ్గరలోని పీజోమీటర్ అంకెను, పోయినేడు ఇదే రోజు ఎంత ఉందో దానితో కలిపి, ఒక తెలుగు మెసేజ్‌గా పంపడానికి కొత్త హబ్ ఏదీ అక్కర్లేదు. అది అక్టోబర్‌లో, రబీకి ముందు రావాలి. విత్తనాలు కొన్నాక వస్తే దాంతో పని లేదు.