తప్పించాలా, కొనసాగించాలా: బేస్‌బాల్ ప్లేఆఫ్స్‌లో పిచర్ మార్పిడిపై అభిమానుల వాదం

బేస్‌బాల్‌లో ఒకసారి ఆట నుంచి తప్పించిన పిచర్ ఆ మ్యాచ్‌లో మళ్లీ అడుగుపెట్టడానికి వీల్లేదు. అలసిన బౌలర్‌ను పక్కనపెట్టి పది ఓవర్లయ్యాక మళ్లీ బంతి ఇచ్చే వెసులుబాటు క్రికెట్ కెప్టెన్‌కు ఉంది. బేస్‌బాల్ మేనేజర్‌కు లేదు. అతను డగౌట్‌లోంచి లేచి వెళ్లి పిచర్ చేతిలోని బంతి తీసుకున్నాడంటే ఇక తిరుగులేదు. అమెరికా మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు రెగ్యులర్ సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంత పొడవాటి సీజన్‌లో ఒక పొరపాటు ఎక్కడో కలిసిపోతుంది. అక్టోబర్‌లో వచ్చే ప్లేఆఫ్స్‌లో సిరీస్ అంటే మహా అయితే ఏడు మ్యాచ్‌లు. మేనేజర్ పిచర్‌ను ఎందుకు మార్చాడు, ఎందుకు మార్చలేదు అన్న వాదం అందుకే ఆ నెలలో ముదురుతుంది. పేరున్న ఆటగాడు ప్లేఆఫ్స్‌లో ఎందుకు తేలిపోయాడన్నది రెండో వాదం. ఈ రెండూ వేర్వేరుగా కనిపించినా చాలాచోట్ల ముడిపడి ఉంటాయి.

మొదటి వాదానికి పాఠ్యగ్రంథం లాంటిది 2003 అక్టోబర్ 16న న్యూయార్క్‌లో జరిగిన మ్యాచ్. అమెరికన్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్‌లో అది ఏడోది, చివరిది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బోస్టన్ రెడ్ సాక్స్ యాంకీస్‌పై 5-2 ఆధిక్యంలో ఉంది. పెడ్రో మార్టినెజ్ అప్పటికే వంద బంతులు వేశాడు. రెండు హిట్లతో ఒక పరుగు వచ్చాక మేనేజర్ గ్రేడీ లిటిల్ పిచర్ దగ్గరికి నడిచి వెళ్లాడు, మాట్లాడాడు, ఒంటరిగానే వెనక్కి వచ్చాడు. ఆ వెంటనే యాంకీస్ బ్యాటర్లు మత్సుయి, పొసాడా కొట్టిన డబుల్స్‌తో స్కోరు 5-5 అయింది. పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ హోమ్ రన్‌తో బోస్టన్ ఇంటిదారి పట్టింది. లిటిల్ ఒప్పందాన్ని క్లబ్ పొడిగించలేదు. కళ్లముందు అలసట కనిపిస్తున్నా పేరును నమ్మాడన్నది అభిమానుల అభియోగం.

పదిహేడేళ్ల తర్వాత అభియోగం తలకిందులైంది. 2020 అక్టోబర్ 27న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్ జరిగింది. టాంపా బే రేస్ పిచర్ బ్లేక్ స్నెల్ 73 బంతుల్లో రెండే హిట్లిచ్చి తొమ్మిదిమందిని స్ట్రైకౌట్ చేశాడు. జట్టు 1-0తో ముందుంది. ఆరో ఇన్నింగ్స్‌లో రెండో హిట్ పడగానే మేనేజర్ కెవిన్ క్యాష్ అతన్ని తప్పించి నిక్ యాండర్సన్‌ను పిలిచాడు. ప్రత్యర్థి డాడ్జర్స్ బ్యాటర్ మూకీ బెట్స్ డబుల్ కొట్టాడు, ఒక బంతి అదుపు తప్పింది, క్షణాల్లో డాడ్జర్స్ 2-1కి చేరింది. చివరికి 3-1తో గెలిచి టైటిల్ ఎత్తుకుపోయింది.

క్యాష్ లెక్క గాలివాటం కాదు. తొమ్మిదిమంది బ్యాటర్ల వరుస ఒకే పిచర్‌ను మూడోసారి ఎదుర్కొనేటప్పుడు సగటున మెరుగ్గా ఆడుతుందని టామ్ టాంగో, మరో ఇద్దరు రచయితలు ప్రచురించిన ‘ది బుక్’ చూపింది. పిచర్ అలుస్తాడు, బ్యాటర్లకు అతని బంతులు అలవాటవుతాయి. పైగా స్నెల్ ఆ ఏడాది రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్‌లోనూ ఆరు ఇన్నింగ్స్ పూర్తిచేయలేదు. అయితే సగటు చెప్పేది వందల మంది పిచర్ల సంగతి. ఆ రాత్రి స్నెల్ చేతిలోని బంతి సంగతి కాదు. తర్వాత బ్యాటింగ్‌కు రావాల్సిన బెట్స్, సీగర్, టర్నర్ అతని చేతిలో తలా రెండుసార్లు స్ట్రైకౌటయ్యారు. వచ్చిన యాండర్సన్ మాత్రం అంతకుముందు వరుసగా ఆరు మ్యాచ్‌ల్లో పరుగులిచ్చాడు. స్నెల్‌ను తీసేయడం కంటే అతని స్థానంలో ఎవరిని తెచ్చారన్నదే గట్టి ప్రశ్న. అభిమానుల కోపం ఎక్కువగా మొదటిదాని మీదే నిలిచిపోయింది.

తేవాల్సినవాణ్ణి తేకపోవడం మరో రకం తప్పు. 2016 వైల్డ్ కార్డ్ మ్యాచ్‌లో బాల్టిమోర్ మేనేజర్ బక్ షోవాల్టర్, ఆ సీజన్‌లో చివర్లో ఆధిక్యం నిలబెట్టే 47 అవకాశాల్లో 47 సేవ్‌లు సాధించిన జాక్ బ్రిటన్‌ను వాడకుండానే టొరంటోలో పదకొండో ఇన్నింగ్స్‌లో ఓడిపోయాడు.

ఇక రెండో వాదం. డాడ్జర్స్ పిచర్ క్లేటన్ కెర్షా ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డును మూడుసార్లు గెలిచాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే పరుగుల సగటు రెగ్యులర్ సీజన్లలో 2.5 దరిదాపుల్లో ఉంటే ప్లేఆఫ్స్‌లో 4.5 దాకా వెళ్లింది. 2013లో సెయింట్ లూయిస్‌లో ఏడు పరుగులిచ్చిన మ్యాచ్‌కు అతనే బాధ్యుడు, వెనకేసుకురావడానికేమీ లేదు. కానీ 2014లో మూడు రోజుల విరామంతోనే అతన్ని మళ్లీ ఆడించారు. ఏడో ఇన్నింగ్స్‌లో మ్యాట్ యాడమ్స్ హోమ్ రన్ మ్యాచ్‌ను లాగేసుకుంది. 2015లో మెట్స్‌పై అతను బేస్‌లు నిండి ఉండగా వైదొలిగాడు. తర్వాతి పిచర్ ఇచ్చిన హిట్‌తో వచ్చిన రెండు పరుగులూ నిబంధన ప్రకారం కెర్షా ఖాతాలోనే పడ్డాయి. 2019లో రిలీవర్‌గా వచ్చి ఏడో ఇన్నింగ్స్ ముగించినవాణ్ణి ఎనిమిదోదానికీ పంపారు. ప్రత్యర్థి బ్యాటర్లు రెండాన్, సోటో వరుసగా హోమ్ రన్లు బాదారు. అభిమానులు ‘గుండె ధైర్యం లేదు’ అని రాసుకున్న ఖాతాలో మేనేజర్ల రాత కూడా ఉంది.

తక్కువ మ్యాచ్‌లను బట్టి స్వభావాన్ని తేల్చడం బ్యాటర్ల విషయంలోనూ బెడిసికొట్టింది. తొలి అయిదు ప్లేఆఫ్ సిరీస్‌లలో బ్యారీ బాండ్స్ బ్యాటింగ్ సగటు .196, 2002 ప్లేఆఫ్స్‌లో అతనే ఎనిమిది హోమ్ రన్లు కొట్టాడు. 2006లో విఫలమైన అలెక్స్ రోడ్రిగెజ్‌ను యాంకీస్ మేనేజర్ టోరీ బ్యాటింగ్ వరుసలో ఎనిమిదో స్థానానికి దింపాడు. 2009 ప్లేఆఫ్స్‌లో అతను ఆరు హోమ్ రన్లు కొట్టి యాంకీస్ టైటిల్‌లో పాలుపంచుకున్నాడు.

స్నెల్‌ను తప్పించడానికి రెండు రోజుల ముందు అదే ఆర్లింగ్టన్ మైదానంలో, అదే సిరీస్ అయిదో మ్యాచ్‌లో, డాడ్జర్స్ 4-2తో ముందుండగా కెర్షా ఆరో ఇన్నింగ్స్‌లో మొదటి ఇద్దరినీ రెండే బంతుల్లో అవుట్ చేశాడు. మేనేజర్ డేవ్ రాబర్ట్స్ అక్కడే అతన్ని తప్పించాడు. సొంత అభిమానులే రాబర్ట్స్‌ను చూసి గోలచేశారు. తర్వాత వచ్చిన పిచర్లు పరుగివ్వలేదు, మ్యాచ్ 4-2గానే ముగిసింది. ఆ మార్పు గురించిన వాదం తెల్లారేసరికి చల్లబడింది.