చద్దికుండ నుంచి గిద్దెడు బియ్యం దాకా

సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, రాజుల సంగతీ యుద్ధాల సంగతీ నాకు తెలియవనీ, నాకు కాస్తో కూస్తో తెలిసిన చరిత్ర వంటింటిదేననీ చెప్పాను. "అదే రాయండి. మన సభ్యుల్లో ఒంటరిగా వండుకు తినేవారు చాలామందే ఉన్నారు" అన్నారాయన. నేనూ ఆ జాబితాలోని వాడినే. కనుక మిగిలిన అన్నం గురించి, అది మన ఇళ్ళలో డెబ్బై ఏళ్ళలో ఏమేమి అవతారాలెత్తిందో ఆ వైనం గురించి, నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను.

మా నాయనమ్మగారి కొలత

నా చిన్నతనం, అనగా 1950ల మధ్యకాలం, కోనసీమలో మా నాయనమ్మగారింట గడిచింది. ఇంట్లో పద్నాలుగు మందిమి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఈ లెక్క మాకు బడికంటే ముందు వంటింట్లోనే వచ్చింది. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి, 1960ల మొదట్లో బజారులో కిలోలూ లీటర్లూ అమలయ్యాయి గాని, మా నాయనమ్మ బియ్యపు డబ్బాలో సోల మాత్రం ఆవిడ పోయేదాకా కదలలేదు.

రాత్రి ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఆవిడ తినేవాళ్ళ లెక్కకంటే కొంచెం ఎక్కువే పోసేది. అది పొరపాటు కాదు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, రాత్రి క్లోజింగ్ బ్యాలెన్సే పొద్దున ఓపెనింగ్ బ్యాలెన్సు. మిగిలిన అన్నాన్ని కుండలో వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, కాస్త మజ్జిగ చేర్చి మూత పెట్టేది. పొద్దున్నకి అదే చద్దన్నం. పిల్లలకు ఆవకాయ బద్దతోనో, నంజుకునేందుకు ఉల్లిపాయతోనో పెట్టేవారు. ఇడ్లీ, దోసె పండగకో చుట్టాలొస్తేనో. వేసవిలో తరవాణి కుండ వేరే ఉండేది. వార్చిన గంజిని పులియబెట్టి, అందులో అన్నం వేసి, ఉప్పూ దబ్బాకూ చేర్చి ఉంచేవారు. ఆ పులుపుకి ఎండదెబ్బ భయం ఉండేది కాదు.

ఈ ఆచారం నిన్నటిదీ మొన్నటిదీ కాదు. 15వ శతాబ్దంలో పోతనగారు భాగవతంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి చల్దులు ఆరగించే ఘట్టాన్ని ఎంత ముచ్చటగా రాశారో మనందరికీ తెలుసు. ఊరుగాయలతో సహా అక్కడ ఉన్నది మన పల్లె భోజనమే. పశువుల వెంట వెళ్ళేవాడి మూటలో ఉండేది చద్ది గనుకనే "పెద్దల మాట చద్దిమూట" అన్న సామెత పుట్టింది. తెలంగాణలో దాన్నే సద్ది అంటారు. బతుకమ్మ పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మ. మనకు ఆనుకునే ఉన్న ఒడిశాలో నీళ్ళన్నాన్ని పఖాళ అంటారు, పూరీ జగన్నాథస్వామికే నివేదిస్తారు.

గొలుసు చివర మనిషి

ఆ ఇంట్లో పారేయడమనే మాటే వినపడేది కాదు. మధ్యాహ్నం పప్పు మిగిలితే రాత్రికి చింతపండు రసం కలిసి పప్పుచారయ్యేది. మజ్జిగ పులిస్తే మజ్జిగపులుసు. బీరకాయ కూరకి, బీరపొట్టు పచ్చడికి. చద్దికి కూడా మించిపోయిన అన్నం జీలకర్ర, పచ్చిమిరపకాయలతో కలిపి ఎండలో పెడితే వడియాలు. గంజి బట్టలకు. కడుగు నీళ్ళు, తొక్కలు, కూరల చివర్లు కుడితి తొట్టిలోకి, అక్కణ్ణించి గేదె కడుపులోకి.

ఈ మాట చెప్పగానే "ఆ రోజులే వేరండీ" అని మనవాళ్ళు నిట్టూరుస్తారు. నేనూ చాలాకాలం నిట్టూర్చినవాడినే. కాని చరిత్ర రాస్తానని కూర్చున్నాక నిజం రాయాలి. ఆ చద్దికుండలో పిల్లలకు పోగా మిగిలింది పాలేరుకి. అతని జీతంలో అది భాగం. అతను పొలం వెళ్ళే ముందు పెరట్లో కూర్చుని తినేవాడు. ఒక్కొక్కనాడు కుండలో మెతుకులకంటే నీళ్ళే ఎక్కువ ఉండేవి. అతను ఒక్కమాట అనేవాడు కాదు, తాగి లేచేవాడు. మా ఇంట్లో ఏదీ వృథా కాలేదంటే మా నాయనమ్మ పొదుపు ఒక్కటే కారణం కాదు. గొలుసు చివర మాకంటే ఆకలిగా ఉన్న మనిషి ఒకడు ఎప్పుడూ నిలబడి ఉండేవాడు. ఈ సంగతి నాకు అరవై ఏళ్ళు దాటాక గాని తోచలేదు.

కర్నూలు గుడారంలో మా నాన్నగారు

ఒక్కడికోసం వండుకోవడమనే కథ మా ఇంట్లో నాన్నగారితో మొదలైంది. ఆయన మద్రాసు సచివాలయంలో గుమాస్తా. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో బర్మా జపాను వశమై అక్కడి బియ్యం ఆగిపోయాక వచ్చిన రేషను రోజులు ఆయన చూశారు. కార్డు మీద తూచి ఇచ్చిన బియ్యంతో నెల గడిపినవారు. మద్రాసు రాష్ట్రంలో ఆ కంట్రోలును 1952లో రాజాజీగారు ఎత్తివేశారు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని కాగానే ఉద్యోగులు అక్కడికి తరలిపోయారు. ఇళ్ళు చాలక చాలామంది గుడారాల్లో కాపురమున్నారు. నాన్నగారు అమ్మనూ నన్నూ కోనసీమలో దింపి ఒక్కరే వెళ్ళారు. ఆయనకు అప్పటిదాకా పొయ్యి ముట్టించడం తెలియదు. తరువాత మాతో చెప్పేవారు: "పదిమందికి వండడం తేలికరా. ఒక్కడికి వండడమే కష్టం. గిద్దెడు బియ్యం గిన్నె అడుగునే మాడిపోతుంది. సోలెడు పోస్తే రెండుపూటలా అదే తినాలి."

దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఇది. పక్కపక్క గుడారాల్లోని ముగ్గురు గుమాస్తాలు పని పంచుకున్నారు. ఒకరు అన్నం, ఒకరు పప్పో కూరో, ఒకరు చారు. సాయంత్రం ఆఫీసు కాగానే మూడు గిన్నెలూ ఒకచోట చేరేవి. మిగిలేది కాదు, చాలకపోవడమూ లేదు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు మారేదాకా అలాగే సాగింది. మరుసటేడు మమ్మల్ని హైదరాబాదు తీసుకువచ్చారు.

పాలకొండలో నా మొదటి పాఠం

1965లో దేశంలో తిండిగింజల కరువు వచ్చింది. వారానికొక పూట భోజనం మానమని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు కోరారు. సోమవారం రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. అమెరికా నుంచి పి.ఎల్. 480 కింద గోధుమలు వచ్చేవి. చపాతీ చెయ్యడం రాని అమ్మ వాటిని నూక విసిరించి అన్నంలా వండేది. ఆ వయసులో నాకు ఆకలి ఎక్కువ, కోపమూ ఎక్కువ.

1971లో గుమాస్తా ఉద్యోగం వచ్చి శ్రీకాకుళం జిల్లా పాలకొండలో పడ్డాను. ఒక గది, ఒక వత్తుల స్టవ్వు, రెండు గిన్నెలు. పెళ్ళి కాలేదు. పొద్దున మిగిలిన అన్నం సాయంత్రానికి వాసన వేస్తే కాలవలో పారబోసేవాణ్ణి. నాలుగోరోజో అయిదోరోజో ఇంటి యజమానురాలు, డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, చూసింది.

"ఏటి బాబూ, మెతుకులు కాలవలో పారబోత్తన్నావు? నీల్లోసి ఉంచుకోలేవేటి?"

"వాసన వస్తోందమ్మా" అన్నాను.

"వాసనొచ్చినాక పోత్తే ఏటి లాబం? సల్లారగానే పొయ్యాల" అంది.

ఆవిడ ఇంట్లో చోడి అంబలీ, నీళ్ళన్నమూ రోజూ ఉండేవి. నా చేత ఒక చిన్న కుండ కొనిపించి నేర్పింది. చల్లారగానే నీళ్ళు పొయ్యడం, తెడ్డు తడిచెయ్యి తగలకుండా వాడడం, రోజూ కుండ కడిగి ఎండలో బోర్లించడం. పాలకొండ వదిలేదాకా ఆ కుండ నా దగ్గరే ఉంది. 1974లో పెళ్ళయ్యాక నా భార్య దాన్ని చూసి నవ్వి పూలమొక్క వేసింది.

చద్ది ఎందుకు పోయింది?

చద్దన్నం మన ఇళ్ళలోంచి నాగరికత పెరిగి పోయిందని కొందరూ, బద్ధకం పెరిగి పోయిందని కొందరూ అంటారు. నా లెక్కలో కారణాలు వేరు.

మొదటిది ప్రెషర్ కుక్కరు. మన దేశంలో ప్రెస్టీజ్, హాకిన్స్ రెండూ 1959లోనే తయారీ మొదలుపెట్టాయి గాని, మావంటి ఇళ్ళకు చేరేసరికి 1970లు దాటాయి. కుక్కరులో నీళ్ళన్నీ అన్నమే పీల్చుకుంటుంది. వార్చడం లేదు. వార్పు లేనిచోట గంజి లేదు. గంజి లేనిచోట తరవాణి లేదు.

రెండవది బియ్యం. అక్కుళ్ళవంటి పాత రకాలు, దంపుడు బియ్యం వెనకబడ్డాయి. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ, బాపట్ల నుంచి 1986లో సాంబ మసూరి, అనగా మనం బి.పి.టి. అని పిలిచేది, వచ్చాయి. పంట పెరిగింది, అన్నం తెల్లబడింది. కాని పాత ముతక బియ్యపు మెతుకు రాత్రంతా నీళ్ళలో నానినా విడివిడిగా నిలిచినట్టు బాగా పాలిష్ పట్టిన సన్నబియ్యపు మెతుకు నిలవదు.

మూడవది అన్నిటికంటే పెద్దది. 1983లో రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. కూలి కూడా డబ్బు రూపంలోకి మారుతూ వచ్చింది. పాలేరు పిల్లలు తమ ఇంట్లోనే వేడన్నం తినే రోజులొచ్చాయి. పెరట్లో నిలబడే మనిషి మెల్లగా కనిపించకుండా పోయాడు. ఇందుకు మనం సంతోషించాలి. చద్దికుండ పోయినా ఫరవాలేదు.

ఆ ఖాళీలోకి ఫ్రిజ్ వచ్చింది. మేము 1987లో సొసైటీ అప్పు తీసి కొన్నాము. "రేపు తినవచ్చు" అన్న ధైర్యం అదిచ్చింది. ఆ రేపు రాదు. చిన్న చిన్న గిన్నెలు వెనక్కి జరిగి, నాలుగో రోజున మూత తీసి ముక్కు మూసుకుని పారేయడమే.

ఇప్పుడు ఒక్కణ్ణి

2018లో నా భార్య కాలం చేసింది. పిల్లలు దూరాన ఉన్నారు. నలభై ఏళ్ళ తరువాత మళ్ళీ స్టవ్వు ముందు నిలబడ్డాను. మొదటి ఆరు నెలలు ఆవిడ కొలిచే గ్లాసుతోనే, ఇద్దరికి సరిపడా వండాను. చెయ్యి అలవాటు అది. గ్లాసు మార్చడానికి మనసు ఒప్పలేదు.

2019 ఎండాకాలంలో ఒకనాడు మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని కుక్కరులోనే వదిలేసి, రాత్రి ఎనిమిదికి ఉల్లిపాయ పోపు వేసి తిన్నాను. వాసన లేదు, రుచీ మారలేదు. అర్ధరాత్రి నుంచి వాంతులు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. డాక్టరుగారు చెప్పిన మాట ఇక్కడ రాయడం నా బాధ్యత. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. "వేయించేశాను కదా" అన్న నా ధీమా అందుకే పనికిరాలేదు. చల్లారగానే పొయ్యాలని పాలకొండ ముసలమ్మ చెప్పినదాన్ని నేనే మరిచిపోయాను.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఎవరికైనా పనికివస్తే సంతోషం.

మిగిలినదాన్ని ఏం చెయ్యాలన్నది రెండో ప్రశ్న, ఎంత వండాలన్నది మొదటిది. బజారులో పాత గిద్ద ఒకటి వెతికి కొన్నాను. పూటకు గిద్దన్నర బియ్యం నాకు చాలు. చిన్న గిన్నెలో పోసి, కుక్కరు అడుగున నీళ్ళుంచి అందులో పెడితే మాడదు.

పప్పు మాత్రం రెండుపూటలకు ఒకేసారి ఉడికిస్తాను. తాలింపు పెట్టకముందే సగం తీసి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెడతాను. మొదటిపూట ఆకుకూర పప్పు, రెండోపూట పప్పుచారు. ఒకే కూరను రెండుసార్లు తింటున్నానన్న విసుగుండదు. బీరకాయ కొన్ననాడు పొట్టు పచ్చడి తప్పదు.

అన్నం మిగిలితే గంటా రెండు గంటల లోపల ఫ్రిజ్‌లోకి, మర్నాడు పొద్దున్నే నిమ్మకాయ పులిహోరగానో దద్ధోజనంగానో కంచంలోకి. అంతకుమించి ఉంచను. చద్ది తినాలనిపిస్తే కొత్త మజ్జిగతో, శుభ్రమైన గిన్నెలో వేస్తాను. వాసనలో ఏ మాత్రం తేడా ఉన్నా మొహమాటపడను. పది రూపాయల అన్నం కోసం ఆస్పత్రి బిల్లు కట్టినవాణ్ణి. ఒంట్లో నలతగా ఉన్నవారు డాక్టరును అడిగే తినాలి.

ఇవన్నీ ఒక ఎత్తు. మనలో కొందరు చేస్తున్న పని వేరే ఉంది. "ఒక్కడికోసం ఏం వండుకుంటాంలే" అని రెండు బిస్కట్లు, ఒక టీతో రాత్రి గడిపేస్తున్నారు. నేనూ చేశాను. అది పొదుపు కాదు మిత్రులారా. మా పాలేరు కుండలోని నీళ్ళు తాగి లేచాడంటే అతనికి వేరే దారి లేదు. మనకు నెల మొదటి తేదీన పెన్షన్ పడుతోంది. మనం ఆకలితో పడుకోవడానికి కారణం లేదు.

నాన్నగారి మూడు గిన్నెల ఉపాయం గత ఏడాది నుంచి మా అపార్టుమెంటులో మళ్ళీ మొదలుపెట్టాము. మూడో అంతస్తులోని రిటైర్డ్ టీచరమ్మగారు కూర, కింది ఇంటి పోస్టల్ శాఖ మిత్రుడు చారు, అన్నం నాది. ముగ్గురమూ ఒంటరివాళ్ళమే. రాత్రి ఏడున్నరకు మా ఇంట్లో కంచాలు పెట్టుకుంటాము. ముగ్గురికీ కలిపి సోలెడు బియ్యం, పైన ఒక అరగిద్ద. సరిగ్గా సరిపోతోంది.