బుడగ లేని సీసా

రాత్రి రెండు దాటింది. ఫ్లడ్‌లైట్ల కింద డెక్ పట్టపగల్లా ఉంది, రెయిలింగ్ దాటితే మాత్రం కాటుక చీకటి. వించ్ మూలుగుతూ ఇనుప తీగను చుట్టుకుంటోంది. విశాఖ రేవు వదిలి ఇది నాలుగో రోజు. ఓడ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, బంగాళాఖాతం నడిమధ్యన ఆగి ఉంది. మొదటి రెండు రోజులు నిన్ను మంచానికి కట్టేసిన వాంతులు తగ్గాయి. సాయంత్రం మెస్‌లో తిన్న పెరుగన్నం ఇప్పటిదాకా నిలబడింది.

నీళ్ళు చీల్చుకుని రొజెట్ పైకి వస్తుంది. గుండ్రటి ఇనుప చట్రం, దాని చుట్టూ నిలువుగా బిగించిన బూడిదరంగు నిస్కిన్ సీసాలు. రెండు వేల మీటర్ల లోతుకు వెళ్ళి, పైకొస్తూ ఒక్కో లోతులో ఒక్కో సీసా మూసుకుంది. అడుగు సీసా మీద చెయ్యి వెయ్యి. ఒళ్ళంతా చెమటలు కక్కే ఈ రాత్రి అది ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది, మూడు డిగ్రీలు.

"ముందు గ్యాసులు" అంటుంది అక్క. రీసెర్చ్ స్కాలర్లలో పెద్దది, ఇది ఆమెకు ఐదో క్రూజ్. "ఉప్పు ఎక్కడికీ పారిపోదు, చివర పట్టుకోవచ్చు."

కాబట్టి ముందు ఆక్సిజన్, నైట్రస్ ఆక్సైడ్, మీథేన్, ఆ వెంటనే కార్బన్. నిస్కిన్ కుళాయికి సిలికాన్ గొట్టం తగిలించి, దాన్ని గాజుసీసా అడుగుదాకా దించి, నెమ్మదిగా వదులుతావు. సీసా నిండినా ఆపకూడదు, రెండు మూడు సీసాల నీళ్ళు పొర్లిపోవాలి. వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లటి నీళ్ళు మోచేతుల మీదుగా చెప్పుల్లోకి కారతాయి. ఓడ ఒకపక్కకు ఒరుగుతుంది. మోకాలు చట్రానికి ఆనించి మూత పెట్టి, సీసా తలకిందులు చేసి లైటుకు ఎత్తిపడతావు.

ఆవగింజంత బుడగ.

"పారబోయ్."

నీకు ఏడుపొస్తుంది. ఆవగింజేగా! కానీ నీళ్ళలో ఉన్న గ్యాసు ఎంతో కొలవాలంటే పైగాలి దాన్ని తాకకూడదు. సాయంత్రం ఇంకో పాఠం నేర్చుకున్నావు: గాలి నమూనాకు ఓడ ముక్కు దగ్గరికి, గాలికి ఎదురుగా, ఊపిరి బిగబట్టి నడవాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదిలక్షల్లో 425 పాళ్ళుంటే, నువ్వు వదిలే ఊపిరిలో నలభై వేల దాకా ఉంటుంది. వెనక పొగగొట్టం సంగతి చెప్పక్కర్లేదు. సముద్రం గాలిలోది తాగుతోందో, గాలికి వదుల్తోందో తేల్చేది నీళ్ళలోని, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడుల మధ్య తేడానే.

రెండోసారి బుడగ లేదు. కార్బన్ సీసాలో మెర్క్యురిక్ క్లోరైడ్ కాస్త, లోపలి సూక్ష్మజీవులు చచ్చిపోయి లెక్క మారకుండా. గ్లవ్స్ మర్చిపోకు, అది విషం.

ల్యాబ్‌లో తెర మీద గీతలు కనిపిస్తాయి. పైన ఉప్పదనం 30, వంద మీటర్ల దిగువన దాదాపు 35. వానాకాలమంతా నదులు తెచ్చిపోసిన మంచినీరు పైన పలచటి పొరగా పరుచుకుంది. గోదావరి, కృష్ణ, మహానది వాటాలూ ఉన్నాయి గానీ పెద్ద చెయ్యి గంగా బ్రహ్మపుత్రలది. చారు గిన్నె కదపకుండా వదిలేస్తే పైన తేట నిలిచినట్టే. కలియబెట్టేంత గాలి మామూలు రోజుల్లో ఉండదు, తుఫానే గరిటె. అది తిప్పినప్పుడు పైకి పోషకాలే కాదు, లోతుల్లో దాగిన కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. 1952లో అమెరికా నుంచి ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చిన యూజీన్ లఫాండ్ ఇక్కడి విద్యార్థులను నేవీ ఓడలెక్కించి ఈ సముద్రాన్ని కొలిపించాడు. ఇలా ఒళ్ళు తడుపుకున్నవాళ్ళలో నువ్వు ఎన్నో తరమో!

ఇప్పుడు ఆక్సిజన్ కొలిచే వింక్లర్. హంగరీ రసాయనవేత్త లాయోష్ వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి, ఇంకా ఇదే. వింక్లర్ ఎ ద్రావణం ఒక మిల్లీలీటరు, బి ఒక మిల్లీలీటరు, మూత పెట్టి బాగా కుదుపు. పైనీళ్ళ సీసాలో ముదురు గోధుమరంగు మడ్డి దిగుతుంది. యాభై మీటర్లది కూడా అంతే. వంద మీటర్లది లేతబడింది. రెండు వందల మీటర్ల సీసా కుదిపి, మళ్ళీ కుదిపి, లైటుకు పెడతావు.

తెలుపు. బియ్యం కడిగిన నీళ్ళలా. అంటే ఆక్సిజన్ దాదాపు లేనట్టే.

పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా చేతిలో చూడటం వేరు. ఆ లోతులో చాలా చేపలకు ఊపిరాడదు. అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌తో బతుకుతూ, దారిలో నైట్రస్ ఆక్సైడ్ పుట్టిస్తాయి. వందేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 270 రెట్లు వేడి పట్టే గ్యాసు. అరేబియా సముద్రంలో ఆక్సిజన్ పూర్తిగా అయిపోయి, నైట్రేట్ నైట్రోజన్ గ్యాసై భారీగా ఎగిరిపోతుంది. బంగాళాఖాతం ఆ గడప మీదే నిలబడింది. పైనీళ్ళలో లీటరుకు 200 మైక్రోమోల్స్ ఆక్సిజన్ ఉంటే, ఈ పొరలో చాలాచోట్ల 10 నుంచి 200 నానోమోల్స్ మాత్రం మిగిలిందని 2017లో ఒక పరిశోధన తేల్చింది. అంటే వెయ్యో వంతు, ఇంకా తక్కువ. ఆ చిటికెడే అడ్డుకాస్తోందట. దాన్ని చూడటానికి ప్రత్యేకమైన సెన్సర్లు కావాలి, వింక్లర్ కంటికి ఆనదు.

ఆసిడ్ పోస్తే మడ్డి కరిగి నీళ్ళు తేటబడతాయి. స్టార్చ్ రెండు చుక్కలు వేస్తావు. లేత నీలం, ఉందా లేదా అన్నట్టు. బ్యూరెట్ తిప్పితే థయోసల్ఫేట్ ఒక్క చుక్కకే ఎగిరిపోయింది.

అక్క నీ భుజం మీదుగా వంగి చూస్తుంది.

"ఆ నీలం సముద్రానిదా, నీ గొట్టంలోంచి దూరిన గాలిదా?"

నీ దగ్గర జవాబు లేదు. ఆమె లాగ్‌బుక్‌లో పెన్సిలుతో అంకె రాసి, పక్కన ప్రశ్నార్థకం పెడుతుంది.

"డూప్లికేట్ పట్టావుగా? ఇటియ్యి."